షిన్, చెంగ్: ప్రాచీన చైనా ఆలోచనలో నమ్మకం మీద అపోహలు - వాస్తవాలు

చైనా పాత గ్రంథాల్లో నిజాయితీ ప్రస్తావన వచ్చినచోటల్లా రెండు మాటలు ఎదురవుతాయి: షిన్, చెంగ్. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువు ఒకచోట 'షిన్ అంటే చెంగ్' అని, మరోచోట 'చెంగ్ అంటే షిన్' అని చెప్పి ఊరుకుంటుంది. చదివేవాడికి దానివల్ల పని జరగదు. వాడుకను బట్టి చూస్తే షిన్ ఇద్దరి మధ్య ఉండేది: మిత్రులు, రాజూ ప్రజలూ, అమ్మేవాడూ కొనేవాడూ. చెంగ్ మనిషి లోపల ఉండేది. రెండింటినీ 'నిజాయితీ' అనే ఒక్క మాటలో పోసేస్తే కింద చెప్పబోయే గందరగోళాలన్నీ పుడతాయి.

అపోహ: షిన్ అక్షరంలో 'మనిషి' పక్కన 'మాట' ఉంది, కాబట్టి మాట మీద నిలబడేవాడే మనిషి అని ప్రాచీనులు బొమ్మ గీసి చెప్పారు.

వాస్తవం: అక్షరంలో ఆ రెండు భాగాలు ఉన్న మాట నిజమే, షూ షెన్ కూడా అలాగే విడగొట్టాడు. కానీ చైనా అక్షరాల్లో ఎక్కువ వాటిలో ఒక భాగం అర్థాన్ని, ఇంకో భాగం ఉచ్చారణను చెబుతాయి. క్రీ.పూ. 5 నుంచి 3వ శతాబ్దాల నాటి కొన్ని ముద్రల మీద ఇదే అక్షరంలో 'మనిషి' ఉండాల్సిన చోట 'ఒళ్లు' అని అర్థమిచ్చే షెన్ కనిపిస్తుంది. షిన్‌కూ షెన్‌కూ ధ్వని దగ్గర. అంటే ఆ భాగం అక్కడ ఉన్నది ముఖ్యంగా శబ్దం కోసమే అనుకోవాలి. అక్షరం గుర్తుపెట్టుకోవడానికి బొమ్మ కథ పనికొస్తుంది, దాని మీద సిద్ధాంతం కట్టకూడదు.

అపోహ: షిన్ అంటే అబద్ధం ఆడకపోవడం.

వాస్తవం: కన్ఫ్యూషియస్ సంభాషణల సంకలనం 'లున్ యూ' రెండో అధ్యాయంలో ఉన్న పోలిక చూడండి. షిన్ లేని మనిషి దేనికి పనికొస్తాడో తెలియదు, పెద్ద బండికి 'ని' లేకపోతే, చిన్న బండికి 'యుయె' లేకపోతే అది ఎలా నడుస్తుంది, అంటాడాయన. పెద్ద బండి ఎద్దులది, చిన్న బండి గుర్రాలది. 'ని', 'యుయె' అనేవి నొగ కొసన కాడిని పట్టి ఉంచే చీలలు. ఎద్దుల బండి చూసి పెరిగినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. బండి వేరు, ఎద్దు వేరు, రెండూ గట్టివే. మధ్యలో ఉన్న చిన్న చీల ఊడిందంటే ఎద్దు ముందుకు పోతుంది, బండి ఉన్నచోటే ఉంటుంది.

షిన్ చేసే పని ఆ చీల పనే. మాటనూ చేతనూ కలిపి ఉంచుతుంది. ఒక్క అబద్ధమూ ఆడకుండా, అన్న ఒక్క పనీ చెయ్యకుండా బతికేవాడు ఉండొచ్చు. వాడికి షిన్ లేదు. పగలు పడుకున్న జాయ్ యూ అనే శిష్యుణ్ణి మందలిస్తూ కన్ఫ్యూషియస్ అన్నది ఇదే: మొదట్లో మనుషుల మాట విని వాళ్ల నడతను నమ్మేవాణ్ణి, ఇప్పుడు మాట విని నడతను చూస్తున్నాను. ఇక్కడ 'నమ్మేవాణ్ణి' అనడానికి వాడిన క్రియ కూడా షిన్ అనే మాటే. నమ్మడమూ, నమ్మదగినట్టు ఉండడమూ ఒకే మాట. అనువాదంలో మొదట జారిపోయేది ఇదే.

అపోహ: ఇచ్చిన మాట ప్రాణం పోయినా తప్పకూడదన్నది కన్ఫ్యూషియస్ బోధ.

వాస్తవం: హరిశ్చంద్రుడి కథ మీద పెరిగినవాళ్లం కనుక మనం ఇలాగే ఊహించుకుంటాం. 'లున్ యూ' పదమూడో అధ్యాయంలో జిగోంగ్ అనే శిష్యుడు ఎవరు నిజమైన ఉద్యోగి అని అడుగుతాడు. గురువు మూడు మెట్లు చెబుతాడు. రాజు పంపిన చోట తన పని పరువుగా నెరవేర్చుకొచ్చేవాడు మొదటి మెట్టు. బంధువులూ ఊరివాళ్లూ మెచ్చేవాడు రెండోది. అన్న మాట అన్నట్టే తీర్చి, మొదలెట్టిన పని చేసి తీరేవాడు మూడోది, వాడు రాయిలా మొండి, చిన్నపాటి మనిషి అంటాడు. మూడో మెట్టు కూడా మెట్టే అని ఒప్పుకుంటాడు, అంతకు మించి ఇవ్వడు.

కారణం మొదటి అధ్యాయంలో యోజి అనే శిష్యుడి మాటలో దొరుకుతుంది: ఇచ్చిన మాట ధర్మానికి దగ్గరగా ఉంటేనే దాన్ని చెల్లించగలం. ఇక్కడ ధర్మం అన్నది 'యి' అనే మాటకు. ఆ తర్వాతి తరాల్లో కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన మెన్షియస్ ఇంకో అడుగు ముందుకేసి, గొప్పవాడికి మాట తీర్చి తీరాలన్న పట్టు ఉండదు, 'యి' ఎక్కడుంటే అక్కడికే పోతాడు అన్నాడు. ఇది చదివి మాట తప్పడానికి అనుమతి దొరికిందనుకోవడం రెండో పొరపాటు. లెక్క మాట ఇవ్వకముందే మొదలవుతుంది: ఇది చెయ్యదగినదేనా, నా చేతిలో ఉన్నదేనా అని చూసుకుని అప్పుడు నోరు విప్పాలి. లావోజు గ్రంథం 63వ అధ్యాయం కూడా, తేలిగ్గా మాటిచ్చేవాడి మాటకు నమ్మకం తక్కువ అంటుంది.

ఇక్కడే వెయ్ షెంగ్ కథ వస్తుంది. వంతెన కింద కలుద్దామని ఒక స్త్రీకి మాటిచ్చాడు, ఆమె రాలేదు, ఏరు పొంగింది, స్తంభాన్ని కౌగిలించుకుని చచ్చిపోయాడు. షిన్‌కు నమూనాగా అతణ్ణి ఎత్తి చూపినవాళ్లున్నారు. 'జువాంగ్జి' గ్రంథంలోని దొంగ జి అధ్యాయం మాత్రం పేరు కోసం ప్రాణాన్ని చులకన చేసినవాళ్ల జాబితాలో అతణ్ణి చేర్చింది. మా దృష్టిలో యోజి సూత్రం పెట్టి చూసినా అతని మాట నిలవదు.

అపోహ: తండ్రి దొంగతనాన్ని కొడుకు దాచడమే నిజాయితీ అన్నాడు కాబట్టి కన్ఫ్యూషియస్ అబద్ధాన్ని సమర్థించాడు.

వాస్తవం: తండ్రి గొర్రెను దొంగిలిస్తే కొడుకే సాక్ష్యం చెప్పాడని షె ప్రాంతపు ప్రభువు గర్వంగా చెప్పుకుంటాడు. మా వైపు తండ్రి కొడుకును, కొడుకు తండ్రిని కప్పిపుచ్చుతారు, నిజాయితీ అందులోనే ఉంది, అని గురువు జవాబు. మూలంలోని మాట 'యిన్'. కప్పడం, బయటపెట్టకుండా ఉండడం అని దాని అర్థం. దొంగతనం జరగలేదని చెప్పమని అందులో లేదు. పైగా చర్చ అంతా 'జి' అనే మాట మీద, అంటే వంకర లేకపోవడం మీద. షిన్ అనే మాటే అక్కడ రాదు. క్రీ.పూ. 66లో హాన్ చక్రవర్తి షువాన్ ఆజ్ఞతో ఇది చట్టమైంది: తల్లిదండ్రులను దాచిన కొడుకు, భర్తను దాచిన భార్య, తాత నాయనమ్మలను దాచిన మనవడు శిక్షార్హులు కారు. క్రీ.శ. 653 నాటి తాంగ్ శిక్షాస్మృతి ఈ పరిధిని పెంచింది, కానీ రాజద్రోహం, తిరుగుబాటు వంటి నేరాలకు వర్తించదని గీత గీసింది.

అపోహ: నమ్మకం గురించి పట్టించుకున్నది కన్ఫ్యూషియస్ వర్గమే, కఠిన శాసనవాదులకు శిక్షలే తెలుసు.

వాస్తవం: ఆ శాసనవాదుల్లో పేరున్నవాడు, చిన్ రాజ్యపు మంత్రి షాంగ్ యాంగ్. అతని కథ మొత్తం చదవాలి, సగం కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దం మధ్యలో చిన్ రాజ్యంలో కొత్త చట్టాలు తయారయ్యాయి. వాటిని ప్రకటించే ముందు, ప్రజలు తన మాట నమ్మరని అతనికి అనుమానం. రాజధాని అంగడి దక్షిణ ద్వారం దగ్గర 3 ఝాంగ్‌ల దూలం నిలబెట్టించాడు, అంటే సుమారు 7 మీటర్లు. దాన్ని ఉత్తర ద్వారానికి మోసినవాడికి 10 బంగారు ముక్కలు అన్నాడు. జనం వింతగా చూశారు, ఎవరూ కదల్లేదు. 50 అన్నాడు. ఒకడు మోశాడు. అక్కడికక్కడే 50 చేతిలో పెట్టి, ఆ తర్వాత చట్టాలు ప్రకటించాడు. ఎంత పెద్ద బహుమతన్నది కాదు ఇక్కడి కిటుకు. పని అల్పం, ఫలితం అందరి కళ్ల ముందు, చెల్లింపు వెంటనే. మూడింట్లో ఏది లేకపోయినా దూలం ముచ్చట పనిచేసేది కాదు.

రెండో సగం జనం చెప్పరు. క్రీ.పూ. 340లో వెయ్ రాజ్యం మీద యుద్ధంలో ఎదుటి సేనాని రాజకుమారుడు ఆంగ్ ఇతని పాత స్నేహితుడు. షాంగ్ యాంగ్ అతణ్ణి సంధి చేసుకుందాం, కలిసి మద్యం తాగుదాం అని పిలిచి, దాచిపెట్టిన సైనికులతో పట్టించాడు. రెండేళ్ల తర్వాత చిన్‌లో రాజు పోయాడు, షాంగ్ యాంగ్ పారిపోవాల్సి వచ్చింది. సరిహద్దులో సత్రంవాడు, గుర్తింపు లేనివాడికి చోటిస్తే షాంగ్ ప్రభువు (అంటే ఇతనే) చట్టం ప్రకారం నాకు శిక్ష అని తలుపు వేసుకున్నాడు. దూలంతో సంపాదించిన నమ్మకం అంత గట్టిగా పనిచేసింది. అక్కడి నుంచి వెయ్‌కు పోతే, ఆంగ్‌ను మోసం చేసిన కోపంతో వాళ్లూ రానివ్వలేదు. చట్టానికి షిన్ ఉంది, మనిషికి లేదు. హాన్ కాలపు చరిత్రకారుడు సిమా చియాన్ రాసిన చరిత్రలో ఈ రెండు ఘట్టాలూ ఒకే జీవితచరిత్రలో ఉన్నాయి.

అపోహ: అంతా పరిచయాల మీద నడిచే సమాజం, నమ్మకముంటే తనిఖీ ఉండదు.

వాస్తవం: షీఆన్‌లోని షాన్‌షీ చరిత్ర మ్యూజియంలో అరచేతిలో ఇమిడే కంచు పులి ఒకటుంది, నిజానికి సగం పులి. దాని మీద బంగారంతో పొదిగిన 40 అక్షరాలు: కుడి సగం రాజు దగ్గర, ఎడమ సగం దూ అనే చోట. 50 మందికి మించి సైనికులను కదపాలంటే రాజు సగంతో జత కలవాలి. శత్రువు వచ్చి మంటల సంకేతం రేగితే మాత్రం జత కలవకపోయినా కదలొచ్చు. సేనానిని నమ్మనందుకు పెట్టిన ఏర్పాటుగా దీన్ని చూడకూడదు. వచ్చిన దూత నిజంగా రాజు పంపినవాడేనని సేనాని నమ్మగలగడానికి పెట్టినది.

(మంటల మాట వచ్చింది కనుక: ప్రియురాలిని నవ్వించడానికి పశ్చిమ ఝౌ రాజ్యపు యౌ రాజు ఉత్తుత్తి మంటలు వెలిగించి, క్రీ.పూ. 771లో నిజంగా దాడి జరిగినప్పుడు ఎవరూ రాక చచ్చాడన్న కథను చరిత్రగా చెప్పకండి. 2008లో చింగ్‌హ్వా విశ్వవిద్యాలయానికి చేరిన వెదురు పలకల్లో ఆ రాజ్యం కూలిన వైనం ఉంది, మంటల ఆట లేదు.)

తూకాల సంగతీ అంతే. జిన్, లియాంగ్ అనేవి బరువు కొలతలు; పాత చైనా జిన్‌కు 16 లియాంగ్‌లు. త్రాసు కర్ర మీద 16 చుక్కలు 16 నక్షత్రాలనీ, ఒక లియాంగ్ తగ్గిస్తే అదృష్టం, రెండు తగ్గిస్తే పదవి, మూడు తగ్గిస్తే ఆయుష్షు పోతాయనీ, ఇది చిన్ తొలి చక్రవర్తి కాలంలో పెట్టిన లెక్క అనీ చెబుతారు. అంతకు ముందే చూ రాజ్యపు కంచు తూకపు రింగుల్లో 16 లియాంగ్‌ల జిన్ ఉంది. నక్షత్రాల కథ తర్వాత అల్లినది. చిన్ రాజ్యం నమ్ముకున్నది జరిమానాను. 1975లో హుబేయ్‌లోని షుయ్‌హుదిలో దొరికిన వెదురు పలకల ప్రకారం 120 జిన్‌ల తూకంలో 16 లియాంగ్‌లు, అంటే నూట ఇరవయ్యో వంతు, తేడా ఉంటే బాధ్యుడైన అధికారి ఒక కవచం ఖరీదు కట్టాలి. 8 నుంచి 16 లోపు తేడాకు ఒక డాలు. శిక్ష పడేది త్రాసు బాగోగులు చూడాల్సిన అధికారికి.

1823లో పింగ్‌యావ్‌లో మొదలైన రిషెంగ్‌చాంగ్ హుండీ వ్యాపారం కూడా ఇంతే జాగ్రత్త. హుండీ అంటే ఒక ఊళ్లో డబ్బు కట్టి, ఇంకో ఊళ్లో చూపించి తీసుకునే కాగితం. హుండీ మీద నెలను అంకెతో రాయకుండా, 'దొంగ హుండీల పట్ల జాగ్రత్త, రాతనూ ముద్రనూ నిశితంగా చూడడం మరవకు' అని అర్థమిచ్చే 12 అక్షరాల వాక్యంలోంచి ఆ నెల వంతు అక్షరం రాసేవారు.

అపోహ: చెంగ్ అంటే మనసులో ఉన్నదంతా పైకి చెప్పేయడం.

వాస్తవం: కన్ఫ్యూషియస్ వర్గపు 'దా షుయె' గ్రంథం చెంగ్‌ను ఒక్క ముక్కలో తేల్చింది: తనను తాను మోసగించుకోకపోవడం. కుళ్లు కంపును అసహ్యించుకున్నట్టు, అందాన్ని ఇష్టపడినట్టు. కంపు తగిలాక దాన్ని అసహ్యించుకోవాలా అని ఎవరూ ఆలోచించరు, ముక్కు మూసుకుంటారు. చెడ్డదని తెలిసీ చెయ్యి అటే పోతోందంటే లోపల ఎక్కడో ఒప్పందం తప్పింది. అందుకే వెంటనే, ఒంటరిగా ఉన్నప్పుడు జాగ్రత్త అని చెబుతుంది.

ఈ ఊహ అంగడిలో ఎలా ఉంటుందో చూడాలంటే హాంగ్‌ఝౌలో 1874లో హు షుయెయెన్ మొదలుపెట్టిన హు చింగ్ యూ థాంగ్ మందుల కొట్టుకు వెళ్లాలి. అక్కడి పలకలన్నీ వచ్చేవాళ్లకు కనిపించేలా ఉంటాయి. 1878లో పెట్టిన 'మోసం వద్దు' అన్న పలక ఒక్కటి మాత్రం లోపలివైపుకు తిరిగి ఉంటుంది. మందుల వ్యాపారం ప్రాణాలతో ముడిపడింది కనుక ఇక్కడ మోసం అసలే పనికిరాదని, సరుకు నిఖార్సైనదే కొనాలని, తయారీ శ్రద్ధగా చెయ్యాలని దాని మీద రాసి ఉంది. కొనేవాడు దాన్ని చదవడు. మందులు నూరేవాళ్లు, తూచేవాళ్లు తల ఎత్తితే కనిపిస్తుంది.