పెద్ద క్యాలిబర్ కొంటే జింక ఖాయంగా పడుతుందా? కొత్త రైఫిల్ కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు

అక్టోబర్ వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, హంటింగ్‌కి కొత్త రైఫిల్ కొందామనుకుంటున్నా, 300 విన్ మ్యాగ్ తీసుకోమంటావా?" అంటే 300 విన్చెస్టర్ మ్యాగ్నమ్, మందు ఎక్కువ దట్టించిన శక్తివంతమైన తూటా కాల్చే రైఫిల్. టెక్సాస్‌లో జింకల జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది, అంటే చేతిలో మహా అయితే నాలుగైదు వారాలు, ఈలోపు ఆఫీసులో ఒకాయన, యూట్యూబ్‌లో ఇంకొకాయన చెవిలో ఏదో వేసేసి ఉంటారు. అందరి మాటా ఒకటే: పెద్దది తీసుకో, తర్వాత బాధపడే పనుండదు. పదకొండేళ్లుగా వారాంతాల్లో శాన్ ఆంటోనియో దగ్గర ఒక షూటింగ్ రేంజ్‌లో రేంజ్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఆ మాట నమ్మి కొన్నవాళ్లే ఎక్కువగా బాధపడుతూ నా దగ్గరికి వస్తారు.

తప్పు వాళ్లది అని నేను అనను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అనేది మన ఇళ్లలో లేకుండా పోయింది. ఇక్కడి పిల్లలు ఎనిమిదేళ్లకే నాన్న పక్కన బ్లైండ్‌లో (వేటగాళ్లు దాక్కుని కూర్చునే గూడు) కూర్చుని నేర్చుకునేది మనం ముప్పై అయిదేళ్లకి, ఎవరూ చెప్పేవాళ్లు లేకుండా మొదలుపెడతాం. టెన్షన్ ఉంటుంది. కానీ ఆ టెన్షన్‌కి మందు మ్యాగ్నమ్ కాదు.

అపోహ: క్యాలిబర్ (తుపాకి కాల్చే తూటా రకం, సైజు) ఎంత పెద్దదైతే జింక అంత ఖాయంగా పడుతుంది, గురి కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు.

వాస్తవం: జింకని పడేసేది గుండె, ఊపిరితిత్తులు ఉన్న ఎనిమిది అంగుళాల చోటు. ఆ చోట్లో మంచి బుల్లెట్ పడితే చిన్న క్యాలిబర్ 243 అయినా పెద్ద 300 అయినా ఒకటే ఫలితం. ఆ చోటు తప్పి పొట్టలో తగిలితే 300 అయినా ఆ జీవి గంటల తరబడి నరకం చూస్తుంది. కాబట్టి అసలు అడగాల్సింది "ఏ తుపాకితో నేను భయపడకుండా ట్రిగ్గర్ నొక్కగలను" అని. అది ఎవరూ అడగరు.

పేలినప్పుడు తుపాకి భుజాన్ని ఎంత తంతుందో, ఫుట్ పౌండ్లు అనే శక్తి కొలతలో, తూటా రకాన్ని బట్టి లెక్క ఉంది. ఏడున్నర, ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 243 విన్చెస్టర్ సుమారు 10 ఫుట్ పౌండ్లు, 6.5 క్రీడ్‌మూర్, 7 ఎంఎం-08 రెండూ 12 చుట్టుపక్కల, 308 సుమారు 16, 30-06 సుమారు 19, 300 విన్ మ్యాగ్ 25 దాటుతుంది. కాగితం మీద చూస్తే అంకెలే. బెంచ్ మీద కూర్చుని ఇరవై తూటాలు కాలిస్తే అప్పుడు తెలుస్తుంది.

నిరుటి సంగతి చెబుతాను. ఆస్టిన్ నుంచి ఒక తమ్ముడొచ్చాడు, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చేతిలో 300 విన్ మ్యాగ్, కుడి కనుబొమ మీద నెలవంకలా కోత, అది స్కోప్ (తుపాకి మీద బిగించే దుర్భిణి) వెనక్కి వచ్చి కొట్టిన దెబ్బ. "స్కోప్ బాగాలేదన్నా, గుండ్లు ఎక్కడెక్కడో పడుతున్నాయి" అన్నాడు. నేనేం మాట్లాడకుండా అతని మ్యాగజైన్‌లో రెండు అసలు తూటాలు, ఒక డమ్మీ తూటా పెట్టాను, డమ్మీ ఎక్కడుందో చెప్పలేదు. మొదటి రెండూ పేలాయి. మూడోసారి టిక్‌మని చిన్న చప్పుడు, అంతే. కానీ పేలని ఆ తుపాకి కొస రెండంగుళాలు కిందికి వంగింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, భుజం ముందుకు తోసుకొచ్చింది. తుపాకి తన్నకముందే అతని ఒళ్లు దెబ్బని ఊహించుకుని ముడుచుకుంటోంది. స్కోప్‌కి ఏమీ కాలేదు. అతనికి అది కళ్లారా అర్థమైంది, చాలాసేపు బెంచ్ మీదే కూర్చుండిపోయాడు. ఇది పిరికితనం కాదు తమ్ముడూ, ఒంటి స్వభావం, ఎవరికైనా వస్తుంది, ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది అని చెప్పాను.

నాకెలా తెలుసంటే, నాకూ వచ్చింది. మొదటి సీజన్‌లో నా చేతిలో ఉన్నదీ 300 విన్ మ్యాగే. లానో అనే ఊరి దగ్గర వేటకి లీజుకి తీసుకున్న స్థలంలో, ఫీడర్ (జింకలకి గింజలు చల్లే డబ్బా) దగ్గర, 90 గజాల దూరంలో ఒక ఆడజింక పక్కకి తిరిగి నిలబడింది. అంతకంటే సులువైన షాట్ ఉండదు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నేను ముడుచుకున్నానని ఆ క్షణంలోనే తెలిసింది. నేల మీద నెత్తురు కొంచెమే ఉంది, దాంట్లో పచ్చటి గడ్డి పీచు కలిసి ఉంది, అంటే పొట్టలో తగిలింది. రాత్రి పదకొండు దాకా టార్చ్‌లైట్లు పట్టుకుని మెస్కీట్ పొదల్లో వెతికాం. దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నం వాగు దగ్గర దొరికేసరికి కొయొటీలు (నక్కల్లాంటివి) తినేసి ఉన్నాయి. ఆ వారమే ఆ రైఫిల్ అమ్మేశాను. ఇన్నేళ్లయినా ఆ పచ్చటి పీచు నా కళ్ల ముందు నుంచి పోలేదు. అందుకే ఈ ఒక్క విషయం మీద ఇంత గట్టిగా మాట్లాడతాను.

"మరి దూరం కొట్టాలంటే?" అంటారు. 200 గజాలకి జీరో చేసి పెట్టుకుంటే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే గుండు పడేలా స్కోప్ సర్దుకుంటే, 300 గజాల దగ్గర 308కీ 300 విన్ మ్యాగ్‌కీ గుండు కిందికి దిగడంలో తేడా ఒకటి రెండు అంగుళాలే. మా టెక్సాస్ కొండ ప్రాంతం హిల్ కంట్రీలో ఫీడర్లు చాలావరకు 75 నుంచి 100 గజాల్లోనే పెడతారు. ఎల్క్ లాంటి పెద్ద జంతువుకి సైతం కొలరాడో నిబంధన 100 గజాల దగ్గర 1000 ఫుట్ పౌండ్ల శక్తి ఉండాలంటుంది, మామూలు 308 దగ్గర దానికి రెట్టింపు పైనే ఉంటుంది. ఇంకో సంగతి, మ్యాగ్నమ్ తూటాల పెట్టె ఖరీదు ఎక్కువ. భుజం నొప్పి, జేబు నొప్పి రెండూ కలిసి మనిషి ప్రాక్టీస్ మానేస్తాడు. ఏడాదికి పది తూటాలు కాల్చే 300 కంటే రెండొందలు కాల్చే 7 ఎంఎం-08 ఎన్నో రెట్లు మేలు.

ఆఫ్రికాలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే వేటగాడు వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు, అందులో ఎక్కువభాగం 7x57 మౌజర్‌తోనే. గుండు బరువులోనూ వేగంలోనూ అది ఇప్పటి 7 ఎంఎం-08కి దగ్గర చుట్టం. చిన్న తుపాకితో ఏనుగుల మీదికి వెళ్లమని కాదు నేను చెప్పేది. ఏనుగు తలలో మెదడు ఎక్కడుంటుందో ఆయనకి క్షుణ్ణంగా తెలుసు, గుండు అక్కడే పెట్టేవాడు.

"పెద్ద గుండు తగిలితే జింక ఎగిరి అవతల పడుతుంది" అనేది కూడా ఇదే కుటుంబానికి చెందిన పుకారు. గుండుకి జింకని ఎగరగొట్టేంత తోపుడు ఉంటే అదే తోపుడు వెనక్కి మీ భుజానికీ రావాలి, మీరూ ఎగిరిపడాలి. గుండెలో తగిలిన జింక కూడా యాభై, వంద గజాలు పరుగెత్తడం మామూలే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అంకె పెద్దదైతే గుండు పెద్దదని చాలామంది అనుకుంటారు. 308, 30-06, 300 విన్ మ్యాగ్ మూడింటిలోనూ గుండు వ్యాసం ఒకటే, 0.308 అంగుళాలు. 30-06లో 06 అంటే 1906, సైన్యం దాన్ని తీసుకున్న సంవత్సరం. 270లో గుండు నిజానికి 0.277. పేర్లు చూసి కొలతలు ఊహించకండి. బ్యారెల్ మీద ఏ పేరు చెక్కి ఉందో, తూటా పెట్టె మీద అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి. 300 బ్లాకౌట్ అనే తూటా అంతకంటే సన్న గుండు వాడే 223 రైఫిల్లోకి దూరిపోగలదు, పేలిస్తే రైఫిల్ ముక్కలవుతుంది. ఇది పుకారు కాదు, ఈ ఒక్క దాని విషయంలో భయపడండి.

6.5 క్రీడ్‌మూర్ కొంటే వెయ్యి గజాల్లో జింకని కొట్టొచ్చనే మాట చెవిన వేసుకోకండి. 2007లో టార్గెట్ షూటింగ్ కోసం వచ్చింది, జింకకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ గాలి ఎటు వీస్తుందో చదవడం తుపాకి నేర్పదు. బరువైన గుండు పొదల్ని చీల్చుకుని సూటిగా పోతుందనేది శుద్ధ అబద్ధం, కొమ్మ తగిలితే ఏ గుండైనా దారి తప్పుతుంది. రేంజ్‌లో కాల్చే ఫుల్ మెటల్ జాకెట్ తూటాలతో వేటకి వెళ్లొద్దు, అవి విచ్చుకోవు, సన్న రంధ్రం చేసుకుని అవతలికి పోతాయి, తగలగానే విచ్చుకునే సాఫ్ట్ పాయింట్ లాంటివి తీసుకోండి. టెక్సాస్‌లో 22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటాతో జింకని కొట్టడం నేరం. ఇక్కడ చెల్లే 223 కొలరాడోలో జింకకి చెల్లదు, అక్కడ గుండు వ్యాసం కనీసం 0.24 అంగుళాలు ఉండాలి. వేరే రాష్ట్రానికి వెళ్లేముందు అక్కడి వేట నిబంధనల పుస్తకం చూడండి.

మనవాళ్లు మాత్రం క్యాలిబర్ కంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చట్టం ఇచ్చిన కొద్ది మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం. టెక్సాస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. రెన్యువల్ మర్చిపోతే సెప్టెంబర్ 1న బీరువాలో ఉన్న ఆ రైఫిలే మీ వీసాకీ భవిష్యత్తుకీ గండం. దయచేసి లాయర్‌ని ఒకసారి అడగండి. దుకాణం కౌంటర్ దగ్గర చెప్పినమాట నమ్ముకుని కూర్చోకండి.

మరి ఏది కొనాలి? జింకలు, అడవి పందులు అయితే 243, 6.5 క్రీడ్‌మూర్, 7 ఎంఎం-08, 308, ఈ నాలుగింటిలో మీ ఊరి దుకాణంలో తూటాలు ఎప్పుడూ దొరికేది. 2020లో తూటాల కరువు వచ్చినప్పుడు అరుదైన క్యాలిబర్లు కొన్నవాళ్లు రైఫిల్‌ని గోడకి ఆనించి పెట్టుకున్నారు. కొనేముందు ఎవరిదైనా తీసుకుని పది తూటాలు కాల్చి చూడండి, పదోది కూడా మొదటిదంత హాయిగా కాల్చగలిగితే అది మీది.

రెండేళ్ల క్రితం ఒక చెల్లెలు వచ్చింది, అయిదడుగులు ఉంటుందేమో. భర్త ప్రేమగా 30-06 కొనిచ్చాడు, భుజమంతా నల్లగా కమిలిపోయింది, "నాకు ఇది చేతకాదేమో అన్నా" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. నా 243 ఇచ్చాను. అరగంటలో వంద గజాల దగ్గర టీ సాసర్ అంత చోటులో వరసగా పెట్టింది. "ఇంత చిన్నది సరిపోతుందా?" అని మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ సరిపోతుందనే చెప్పాను. నవంబర్‌లో ఒక సాయంత్రం బ్లైండ్‌లోంచి గుసగుసగా ఫోన్, "కొట్టానన్నా, కానీ అది పరుగెత్తి సెడార్ చెట్ల వెనక్కి పోయింది, తగల్లేదేమో, ఏం చెయ్యను?" కదలకు, అరగంట అక్కడే కూర్చో, టైమ్ చూసుకో అన్నాను. ముప్పై నిమిషాల తర్వాత నడుచుకుంటూ వెళ్లింది. మొదటి చెట్టు దాటగానే, నలభై అడుగుల్లో, ఉంది.