పార్మెనిడీస్ మార్పును ‘మాయ’ అన్నాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గ్రీకు తత్వశాస్త్రం పాఠాల్లో పార్మెనిడీస్ దగ్గరికి రాగానే ఏటా ఎవరో ఒకరు అంటారు: “మన శంకరాచార్యులు చెప్పిందేగా సార్!” ఆ ఉత్సాహం నాకు ఇష్టమే. కానీ అక్కడే ఆగిపోతే అసలు వాదన చేజారిపోతుంది.

అపోహ: లోకమంతా భ్రమ, కళ్లు మోసం చేస్తాయి. ఆయన చెప్పిందంతా ఇంతే.

వాస్తవం: ఆయన మొదలుపెట్టింది కళ్ల దగ్గర కాదు, ‘లేదు’ అనే మాట దగ్గర. క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి మనిషి. దక్షిణ ఇటలీ తీరాన ఎలియా అనే గ్రీకు పట్టణం ఆయన ఊరు. తన తత్వాన్ని కావ్యంగా రాశాడు. ఒక యువకుడు రథమెక్కి రాత్రి, పగళ్ల ద్వారాలు దాటి వెళ్తే, పేరు చెప్పని దేవత ఒకామె అతనికి బోధిస్తుంది. లేనిదాన్ని తలచలేవు, పలకలేవు అంటుంది. మరి ఉన్నది దేన్నుంచి పుట్టాలి? లేనిదాన్నుంచా? అది లేనే లేదు. పోనీ పుట్టిందనుకున్నా, ముందెప్పుడో కాక ఆ క్షణానే ఎందుకు పుట్టాలి? పుట్టుక పోతే నాశనమూ పోతుంది. ఒకటి లేకుండా పోయి ఇంకొకటి రావడమే మార్పు గనక, మార్పూ నిలవదు.

ఇక్కడ బోర్డు మీద ‘ఎస్తిన్’ అని ఒక్క మాట రాస్తాను. దేవత బోధలో కర్త లేకుండా వచ్చే గ్రీకు క్రియ అది. ‘ఉంది’ అని తెలుగు చేయొచ్చు. కానీ “ఇది కుండ” అనడానికీ గ్రీకులో ఆ క్రియే వస్తుంది. మనకు అక్కడ క్రియే అక్కర్లేదు. వ్యతిరేకంలోకి వస్తే తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. “కుండ లేదు” వేరు, “ఇది కుండ కాదు” వేరు. గ్రీకులో రెంటికీ అదే క్రియ, దాని ముందు అదే నిషేధం. పాలు తోడుకున్నాక గిన్నె చూసి “ఇవి పాలు కావు, పెరుగు” అంటాం. గిన్నెలో ఏమీ లేదని అనం. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అంది: “అయితే సార్, ఇది లేదుకీ కాదుకీ తగువు!” ఆ రోజు నాకు మహా ఆనందమేసింది. ప్లేటో ‘సోఫిస్ట్’ సంభాషణలో ఎంతో శ్రమపడి తేల్చింది దాదాపు ఇదే: ‘కానిది’ అంటే శూన్యం కానక్కర్లేదు, ‘వేరైనది’ అయితే చాలు.

అపోహ: ఇది అద్వైతమే.

వాస్తవం: గీత రెండో అధ్యాయం 16వ శ్లోకంలో “నాసతో విద్యతే భావో నాభావో విద్యతే సతః” (లేనిదానికి ఉనికి లేదు, ఉన్నదానికి లేకపోవడం లేదు) అని చదివినప్పుడు పోలిక గట్టిగానే తగులుతుంది. కానీ పార్మెనిడీస్‌లో ఆత్మ లేదు, మోక్షం లేదు. ఆయన ‘ఉన్నది’ అనంతమూ కాదు. దానికి హద్దు ఉంది, గుండ్రటి బంతితో పోలుస్తాడు. మన సాంఖ్యులు కూడా లేనిది పుట్టదనే అన్నారు. అయితే కుండ మట్టిలో ముందే అవ్యక్తంగా ఉందని చెప్పి, ఆ సూత్రంతోనే మార్పును నిలబెట్టారు. నన్నడిగితే పార్మెనిడీస్ పక్కన పెట్టి చదవాల్సింది ముందు సాంఖ్యాన్ని.

అపోహ: కనిపించే లోకాన్ని ఆయన పట్టించుకోలేదు.

వాస్తవం: కావ్యం రెండో భాగం లోకం గురించే. చంద్రుడు పరాయి వెలుగుతో భూమి చుట్టూ తిరుగుతాడనీ, ఎప్పుడూ సూర్యకిరణాల వైపే చూస్తుంటాడనీ అందులో ఉంది. దేవత మాత్రం ఇదంతా మోసపుచ్చే మాటల అల్లిక అని ముందే హెచ్చరిస్తుంది. మరి అంత శ్రద్ధగా ఎందుకు చెప్పినట్టు? పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

అపోహ: నాలుగడుగులు నడిచి చూపిస్తే శిష్యుడు జీనో ఓడిపోతాడు.

వాస్తవం: మనుషులు నడుస్తారని జీనోకి తెలుసు. అతని వాదన ఇది: ముందున్న తాబేలు చోటికి గ్రీకు వీరుడు అకిలీజ్ పరుగెత్తి చేరేసరికి అది ఇంకాస్త ముందుకెళ్తుంది, మళ్లీ అక్కడికి చేరేసరికి మరికాస్త; అలా ఎప్పటికీ అందుకోలేడు. నిజానికి 100 మీటర్లు ముందున్న తాబేలును పదింతల వేగంతో అకిలీజ్ ఎక్కడ అందుకుంటాడో లెక్క కట్టొచ్చు: 111 మీటర్లు దాటిన కాసేపటికే. జీనో అడిగేది ఎక్కడని కాదు. అంతులేనన్ని మెట్లు ఒక్కొక్కటిగా ఎలా ‘పూర్తవుతాయి’ అని. అరిస్టాటిల్ దీన్ని తీసిపారేయలేదు, కూర్చుని జవాబు రాశాడు.

కావ్యంలో ఇప్పుడు మిగిలింది సుమారు 160 పాదాలు. క్రీ.శ. 6వ శతాబ్దంలో సింప్లీషియస్ అనే వ్యాఖ్యాత, ఈ పుస్తకం దొరకడం అరుదైపోయిందంటూ అందులోంచి పొడవాటి భాగాలను తన వ్యాఖ్యానంలో ఎత్తి రాసుకున్నాడు. పైన చెప్పిన పుట్టుక వాదన మనకు దక్కింది ఆయన రాతలోంచే.