బెన్ 10: పాత సిరీస్, కొత్త సిరీస్ – అపోహలు, వాస్తవాలు

హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థులకు నేను క్యారెక్టర్ డిజైన్, స్టోరీబోర్డు (దృశ్యాలను ముందుగా వరుస బొమ్మలుగా గీసుకోవడం) పాఠాలు చెబుతాను. బెన్ 10 ప్రస్తావన రాని బ్యాచ్ ఇంతవరకు నాకు తారసపడలేదు. ఆమ్నిట్రిక్స్ అనే వాచీతో రకరకాల గ్రహాంతర జీవుల రూపాల్లోకి మారగల పదేళ్ల బెన్, వేసవిలో తాత మ్యాక్స్ వ్యానులో కజిన్ గ్వెన్‌తో కలిసి తిరిగే కార్టూన్ సిరీస్ ఇది. చిన్నప్పుడు పాత సిరీస్ చూసి పెరిగిన వారు 2016లో వచ్చిన రీబూట్‌ను, అంటే అదే కథను మళ్లీ కొత్తగా మొదలుపెట్టిన సిరీస్‌ను, దాదాపు ద్రోహంలా చూస్తారు. వారి అభిమానాన్ని నేను గౌరవిస్తాను, కానీ ఆ కోపంలో చాలా భాగం మా పని ఎలా జరుగుతుందో తెలియకపోవడం వల్ల పుట్టినదే.

అపోహ: రీబూట్ పాత కథకు కొనసాగింపు, అందులో బెన్ మళ్లీ చిన్నవాడయ్యాడు.

వాస్తవం: మ్యాన్ ఆఫ్ యాక్షన్ అనే నలుగురు రచయితల బృందం సృష్టించిన మొదటి సిరీస్ 2005 డిసెంబరు చివర్లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలై 2008 ఏప్రిల్ వరకు సాగింది. ఆ తరువాత వచ్చిన ఏలియన్ ఫోర్స్, అల్టిమేట్ ఏలియన్, ఆమ్నివర్స్ అదే బెన్‌ను కౌమారంలోకి తీసుకువెళ్లాయి. 2016 సిరీస్ వీటన్నిటికీ వెలుపల, పదేళ్ల బెన్‌తో, అదే వేసవి ప్రయాణంతో కొత్తగా మొదలైన మరో లోకం. అలాగని పాత లోకాన్ని అది చెరిపివేయలేదు. 2021లో వచ్చిన ఏలియన్ ఎక్స్‌టింక్షన్ అనే ప్రత్యేక భాగంలో ఈ బెన్ వేరే లోకాల బెన్‌లను కలుసుకుంటాడు, వారిలో మనం ఎరిగిన పాత బెన్ కూడా ఉన్నాడు.

అపోహ: కొత్త సిరీస్‌లో గీసిన బొమ్మ తేలికగా ఉందంటే గీసినవారు శ్రమపడలేదని అర్థం.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించే మాట ఇది. తెరమీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. పదకొండు నిమిషాల భాగంలో ఒక పాత్ర ఆద్యంతం కదులుతూనే ఉంటుందని లెక్క వేసుకుంటే అవి 7,920 బొమ్మలవుతాయి. చొక్కా మీద ఒక ముడత ఎక్కువ గీస్తే ఆ ముడతను అన్నిసార్లూ, అదే చోట, చెయ్యి ఎటు తిరిగితే అటు తిప్పుతూ గీయాలి. గీతలు తగ్గించినప్పుడు ఆ శ్రమ మాయం కాదు, కదలికలోకి వెళుతుంది. గీతలు తక్కువైనకొద్దీ మిగిలిన ప్రతి గీతా సరిగ్గా పడాలి కనుక, తేలికగా కనిపించే బొమ్మలోనే తప్పు త్వరగా బయటపడుతుంది.

తరగతిలో నేను ఒక పరీక్ష పెడతాను. రెండు సిరీస్‌లలోని బెన్‌ను మోడల్ షీటు (పాత్ర రూపాన్ని చూపే నమూనా కాగితం) మీద పక్కపక్కన గీయించి, లోపలి గీతలేవీ కనపడకుండా నలుపు నింపమంటాను. అప్పుడు మిగిలేది బక్కపలచని శరీరం, దాని మీద పెద్ద తల, ఎడమ మణికట్టు దగ్గర చేతికి మించిన వాచీ. ఆ వాచీ ఆకారం వల్లనే ఇద్దరూ ఒకే పిల్లవాడని తెలుస్తుంది. డయల్ పైకి లేవడం, బెన్ అరచేత్తో దాన్ని కొట్టడం, ఆకుపచ్చని వెలుగు కమ్ముకోవడం అనే మూడు ఘట్టాలను స్టోరీబోర్డులో గీయించినప్పుడు కూడా కొట్టే ముందు చెయ్యి ఎంత పైకి లేచిందన్నదే ప్రాణం. చొక్కా ముడతల లోటు అక్కడ ఎవరికీ కనిపించదు.

అపోహ: కొత్త సిరీస్ హాస్యంగా మారడానికి ఈ తరం పిల్లలకు గంభీరత అర్థం కాకపోవడమే కారణం.

వాస్తవం: పిల్లల మీద వేసిన నింద ఇది. అసలు తేడా నిడివిలో ఉంది. పాత సిరీస్‌లో ఒక్కో భాగం అరగంట ప్రసారానికి సరిపడా ఉండేది, కొత్తదానిలో సుమారు పదకొండు నిమిషాలే. పాత సిరీస్ మొదటి భాగంలో హీట్‌బ్లాస్ట్ అనే నిప్పుల రూపంలోకి మారిన బెన్ తన మంటలతోనే అడవిని అంటించి, ఎదురుమంట పెట్టమని తాత చెప్పిన ఉపాయంతో దాన్ని ఆర్పుతాడు. భయం, తప్పు, సిగ్గు, సర్దుబాటు అన్నీ ఆ ఒక్క ఘట్టంలో ఉన్నాయి, అవి ఊపిరి తీసుకోవడానికి సమయం కూడా ఉంది. కొత్త సిరీస్ మొదటి భాగం వాచీ అప్పటికే చేతికి ఉన్న బెన్‌తో మొదలవుతుంది. అంత తక్కువ నిడివిలో వాచీ దొరికిన కథను కూడా ఇరికిస్తే మరే కథా మిగలదు.

అయితే అభిమానుల ఫిర్యాదు ఒకటి న్యాయమైనదే. మొదటి పదిమంది గ్రహాంతర రూపాలలో వైల్డ్‌మట్, రిప్‌జాస్, ఘోస్ట్‌ఫ్రీక్ స్థానాల్లో కొత్త సిరీస్ క్యానన్‌బోల్ట్, వైల్డ్‌వైన్, ఓవర్‌ఫ్లోలను తీసుకుంది. మిగిలిన ఇద్దరి సంగతి పక్కన పెట్టినా ఘోస్ట్‌ఫ్రీక్ లేకపోవడం నిజంగా నష్టమేనని నా అభిప్రాయం. పాత సిరీస్‌లో ఆ రూపం తనకంటూ ఒక మనసు నిలుపుకుని, వాచీలోనుంచి బయటపడి, బెన్‌కే శత్రువవుతుంది. తన చేతిలోని శక్తి తనది కాకపోవచ్చుననే భయాన్ని పదేళ్ల పిల్లవాడి కథలోకి అంత సహజంగా తెచ్చిన పాత్ర మరొకటి ఆ పదిలో లేదు.

అపోహ: గొంతు మార్చేశారు.

వాస్తవం: రెండు సిరీస్‌ల ఇంగ్లీషు మూలంలోనూ పదేళ్ల బెన్‌కు గొంతు ఇచ్చింది టారా స్ట్రాంగ్. మధ్యలో కౌమారంలోని బెన్‌కు మాట్లాడినవారు యూరి లోవెంథాల్. బాలుడి పాత్రకు నిజమైన బాలుణ్ణి తీసుకుంటే రెండుమూడేళ్లలో అతని గొంతు మారిపోతుంది కనుక, ఏళ్ల తరబడి సాగే సిరీస్‌లకు నటీమణులను ఎంచుకోవడం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి.

ఆటబొమ్మల అమ్మకం కోసమే రీబూట్ చేశారనే మాట సగమే నిజం. కొత్త సిరీస్ ఆటబొమ్మలను ప్లేమేట్స్ తయారు చేసింది, కానీ పాత సిరీస్‌కూ బాండాయ్ బొమ్మలు ఉన్నాయి. మణికట్టుకు పెట్టుకునే ఆమ్నిట్రిక్స్ పిల్లలకు మొదట నచ్చింది ఆ రోజుల్లోనే.

చివరిగా మన తెలుగువారిలోనే వినిపించే ఒక అపోహ ఉంది. గ్వెన్ బెన్‌కు కజిన్ అనగానే కొందరు మరదలి వరస అనుకుంటారు. వారిద్దరి తండ్రులు అన్నదమ్ములు, మ్యాక్స్ ఇద్దరికీ నాన్నకు నాన్న, ఇద్దరి ఇంటిపేరూ టెన్నిసనే. మన వరసల ప్రకారం వారు అన్నాచెల్లెళ్లతో సమానం. ఆ వ్యానులో రోజంతా సాగే కీచులాట, అవసరం వచ్చినప్పుడు ఒకరికొకరు అండగా నిలవడం తోబుట్టువులవి. తెలుగులో సంభాషణలు రాసేవారు వరస తప్పితే ఆ ఎత్తిపొడుపులకు సరసపు అర్థం వచ్చి దృశ్యం పాడవుతుంది. అందుకే గ్వెన్, బెన్ మాటలను తెలుగులోకి మార్చమని అభ్యాసం ఇచ్చేటప్పుడు నేను ముందుగా బోర్డు మీద వారి వంశవృక్షం గీస్తాను.