నెట్ స్లో అయితే డేటా అయిపోయినట్టేనా? ఇంటి ఇంటర్నెట్‌పై అపోహలు - వాస్తవాలు

"అన్నా, సగం నెల గూడా కాల్యా, అప్పుడే డేటా అయిపాయనా?"

కర్నూలులో ఇంటర్నెట్ కనెక్షన్ల పని చేసేవాళ్లు రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ ఎత్తితే వినే మాట ఇదే. వెంకటరమణ కాలనీ నుంచైనా, పాతబస్తీ నుంచైనా ప్రశ్న మారదు. అడిగేవాళ్లను తప్పుపట్టలేం. సెల్‌ఫోన్‌లో రోజుకు 2 జీబీ అయిపోగానే నెట్ నత్తనడక పట్టడం అందరూ చూసిందే. ఇంట్లో వైఫై నెమ్మదిస్తే అదే గుర్తొస్తుంది. చిక్కేమిటంటే, అనుమానం తీరకముందే పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టేస్తారు. 499 ప్లాన్ నుంచి 999కి వెళ్తే తేడా నెలకు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 590. ఏడాదికి 7,080 రూపాయలు. అంత కట్టినా పడకగదిలో వీడియో తిరుగుతూనే ఉంటుంది. జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: నెట్ స్లో అయిందంటే డేటా అయిపోయినట్టే, పెద్ద ప్లాన్ వేస్తే సరి

ఇళ్లకు ఇచ్చే ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకు 3300 జీబీ దాకా పూర్తి స్పీడు ఉంటుంది. రోజుకు 110 జీబీ అన్నమాట. ఇప్పుడు ఒక ఇంటి వాడకం లెక్క వేయండి. హెచ్‌డీలో సినిమా గంటకు సుమారు 3 జీబీ తింటుంది, 4కేలో అయితే 7 జీబీ. రెండు టీవీలు రోజుకు ఐదేసి గంటలు హెచ్‌డీలో నడిస్తే 30 జీబీ. నాలుగు ఫోన్లకు తలా 3 జీబీ వేసుకుంటే 12. పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు ఇంకో 2. మొత్తం 44 జీబీ, నెలకు 1320. అంత చూసినా 3300లో సగం కూడా కాలేదు. సగం నెలకే 3300 అయిపోవాలంటే రోజుకు 220 జీబీ లాగాలి. టీవీ, ఫోన్లతో ఒక కుటుంబం అంత వాడటం కష్టం. వాడించే వస్తువులు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

మరి నెట్ ఎందుకు స్లో అయింది? రూపాయి కట్టకముందు ఈ వరసలో చూడండి. పది నిమిషాల పని.

మొదట కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో లాగిన్ అయి, ఈ సైకిల్‌లో, అంటే మీ ప్లాన్ నెల లెక్కలో, ఎంత వాడారో, సైకిల్ ఏ తేదీన తిరుగుతుందో చూడండి. అది ఒకటో తేదీ కానక్కర్లేదు, రీచార్జ్ చేసిన రోజు నుంచి లెక్క. డేటా మిగిలే ఉందా? అయితే ప్లాన్ మాట మరచిపోండి.

తర్వాత గోడకున్న ఫైబర్ డబ్బా లైట్లు చూడండి. పాన్ (PON) అని రాసిన లైటు కదలకుండా వెలగాలి. లాస్ (LOS) అన్న చోట ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్ తెగినట్టో, ఎక్కడో మడత పడినట్టో. దానికి డేటాతో సంబంధమే లేదు. మన ఊళ్లలో తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. కొమ్మలు కొట్టినా, పొడుగు లోడు లారీ వెళ్లినా మొదట తెగేది ఇదే. ఇంట్లో బీరువా జరిపినప్పుడు దాని కింద నలిగేదీ ఇదే. లైటు పచ్చగానే ఉన్నా సిగ్నల్ బలహీనంగా ఉండొచ్చు. టెక్నీషియన్ వస్తే పవర్ మీటర్ పెట్టి రీడింగ్ చెప్పమని అడగండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 కంటే కిందికి పోతే ఎంత పెద్ద ప్లాన్ వేసినా నెట్ ఊగుతూనే ఉంటుంది. కనెక్టర్ మురికిపట్టి ఉంటుంది, లేదంటే జాయింట్ సరిగ్గా పడి ఉండదు.

మూడోది అసలు పరీక్ష. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కు తగిలించి, మిగతా ఫోన్లన్నిటికీ వైఫై ఆపి, స్పీడ్ టెస్ట్ చేయండి. పొద్దున ఆరుకోసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. మూడు అంకెలూ కాగితం మీద రాయండి.

మూడు వేళల్లోనూ గీత గీసినట్టు ఒకటే చిన్న అంకె, 2 ఎంబీపీఎస్సో 4 ఎంబీపీఎస్సో వస్తే మీ పరిమితి దాటింది. ఎఫ్‌యూపీ, అంటే పూర్తి స్పీడుతో ఇచ్చే డేటా పరిమితి, దాటాక స్పీడుకు కంపెనీ కళ్లెం వేస్తుంది. అది పగలూ రాత్రీ ఒకే చోట ఆగుతుంది. పొద్దున 95 వచ్చి రాత్రి 20కి పడితే, మీ వీధి లైను మీద సాయంత్రం రద్దీ ఎక్కువైనట్టు. ఒక ఫైబర్‌ను 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచి ఇస్తారు, అందరూ చూసేది రాత్రి ఆ వేళలోనే. దీనికి ప్లాన్ పెంచడం మందు కాదు, కంప్లైంట్ పెట్టాలి. కేబుల్ మీద మూడుసార్లూ 95 దాకా వచ్చి, ఫోన్‌లో మాత్రం 15 వస్తుంటే తప్పు మీ వైఫైది. కేబుల్ మీద కూడా ఎప్పుడూ 10 దగ్గరే ఆగిపోతుంటే కేబుల్ మార్చి చూడండి. కేబుల్ పాడైతే లింకు 10కి పడిపోవచ్చు, దాన్ని ఎఫ్‌యూపీ అనుకుని మోసపోతారు.

మన వైపు ఇళ్లలో వైఫైకి పెద్ద శత్రువు రాయి. రూటర్ తీసుకెళ్లి కడప బండల అల్మారాలో, దేవుడి పటాల పక్కన పెడతారు. పైన బండ, కింద బండ, వెనక అడుగున్నర రాతి గోడ. రూటర్ పంపే రెండు రకాల సిగ్నళ్లలో 5 గిగాహెర్ట్జ్ ఆ గోడ దాటదు. 2.4 దాటుతుంది గానీ పక్కింటి రూటర్లన్నీ అందులోనే కొట్టుకుంటుంటాయి. రూటర్‌ను హాల్ మధ్యకు, నిలబడితే ఛాతీ ఎత్తుకు తెచ్చి పెట్టండి. రూటర్ సెట్టింగ్స్‌లో 2.4కి ఛానల్ ఆటో తీసేసి 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది ఎంచుకోండి. టీవీకి వీలైతే కేబుల్ లాగండి. 20 మీటర్ల కేబుల్‌కు ఒక్కసారి పెట్టే ఖర్చు, పెద్ద ప్లాన్‌కు నెలనెలా కట్టే తేడా పక్కపక్కన పెట్టి మీరే చూడండి.

మరి నిజంగా డేటా అయిపోయేది ఎవరికి?

అయ్యేవాళ్లు ఉన్నారు. తీగ లేకుండా 5జీ మీద వచ్చే ఎయిర్‌ఫైబర్ రకం కనెక్షన్లకు పరిమితి సాధారణంగా నెలకు 1000 జీబీ. రోజుకు 33. ఇందాక లెక్క వేసిన 44 జీబీల ఇల్లు అక్కడ 23వ రోజుకే గోడకు కొట్టుకుంటుంది. ఫైబర్ ఉన్న పక్కింటివాళ్లు 'మాకెప్పుడూ అయిపోలేదే' అంటే నమ్మి అదే ధరకు ఇది తీసుకునేవాళ్లు తర్వాత బాధపడతారు. తీసుకునేముందు స్పీడు కాదు, జీబీ అడగండి.

రెండోది క్లౌడ్ కెమెరా. ఇంట్లో డీవీఆర్ పెట్టి హార్డ్ డిస్క్‌లో రికార్డ్ చేసే పాత పద్ధతిలో, మీరు ఫోన్‌లో తెరిచి చూసినప్పుడే డేటా పోతుంది. క్లౌడ్‌లోకి ఇరవై నాలుగు గంటలూ రికార్డ్ పంపే కెమెరా అలా కాదు. 2 ఎంబీపీఎస్ చొప్పున ఒక్క కెమెరా రోజుకు 21.6 జీబీ, నెలకు 648 జీబీ పైకి పంపుతుంది. నాలుగు కెమెరాలైతే 2592. అప్‌లోడ్ లెక్కలోకి రాదనుకుంటారు. పైకి వెళ్లేదీ కిందికి వచ్చేదీ కలిపే లెక్కించడం మామూలు. కెమెరాలోనే మెమరీ కార్డు వేసి, కదలిక ఉన్నప్పుడే పంపేలా సెట్టింగ్ మారిస్తే సమస్య చాలావరకు తీరుతుంది.

మూడోది అందరి ఇళ్లలోనూ ఉన్నదే, ఎవరికీ కనబడనిది. రిమోట్‌తో టీవీ ఆపేస్తారు, దాని వెనకున్న ఆండ్రాయిడ్ సెట్‌టాప్ బాక్స్ ఆగదు. యూట్యూబ్‌లో భక్తి పాటలో జోలపాటో పెట్టి నిద్రపోతే తెర మాత్రమే నల్లబడుతుంది, బాక్స్ ఒక వీడియో తర్వాత ఇంకోటి ఆడించుకుంటూ పోతుంది. ఎనిమిది గంటలకు 24 జీబీ, నెలకు 720. బాక్స్ రిమోట్‌తోనే బాక్స్‌ను ఆపండి, లేదా స్విచ్ బోర్డులోనే ఆపేయండి. యూట్యూబ్‌లో ఆటోప్లే తీసేయండి.

కంప్యూటర్ ఉన్నవాళ్లు విండోస్ సెట్టింగ్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ తెరిచి, వేరే కంప్యూటర్లకు అప్‌డేట్లు పంచే బటన్ ఆఫ్ చేయండి. పెద్ద గేమ్ ఒకటి దింపితే వంద జీబీ దాటడం ఇప్పుడు వింత కాదు. అబ్బాయిని అడిగాకే కంపెనీని తిట్టండి.

మిగతా అపోహలు గబగబా

రాత్రి రెండు దాటాక వాడితే లెక్కలోకి రాదు: ఇది గాలిలోంచి పుట్టిన మాట కాదు. బీఎస్ఎన్ఎల్ డేటావన్ రోజుల్లో, 2005 తర్వాత, కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా ఉచితం ఉండేది. అలారం పెట్టుకుని లేచి సినిమాలు దింపినవాళ్లు ఇంకా ఆ నమ్మకంలోనే ఉన్నారు. మీ ప్లాన్‌లో అలా రాసి ఉంటే తప్ప రాత్రికి వేరే లెక్క లేదు.

రూటర్ ఆపి మళ్లీ వేస్తే మీటర్ సున్నా అవుతుంది: కాదు. లెక్క మీ రూటర్‌లో లేదు, కంపెనీ సర్వర్‌లో మీ యూజర్ ఐడీ మీద నడుస్తుంది. ఆపి మళ్లీ వేయడం ఒక్కచోట పనికొస్తుంది. టాప్‌అప్ వేశాక స్పీడు తిరిగి రాకపోతే రూటర్ ఐదు నిమిషాలు ఆపండి, కొత్త లాగిన్‌తో కొత్త స్పీడు వస్తుంది.

100 ఎంబీపీఎస్ అని చెప్పి డౌన్‌లోడ్‌లో 12 ఎంబీ ఇస్తున్నారు, మోసం: అందులో బిట్లు, ఇందులో బైట్లు, ఒక బైటుకు ఎనిమిది బిట్లు. ఎనిమిదితో గుణించండి. 12.5 ఎంబీ వస్తే మీకు నూరు వస్తున్నట్టే.

పక్కింటివాళ్లు మా డేటా తాగేస్తున్నారు: అప్పుడప్పుడు నిజమే. రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌తో, చాలావాటికి 192.168.1.1, లోపలికి వెళ్లి తగులుకున్న పరికరాల జాబితా చూడండి. తెలియని పేరు కనబడగానే కొట్లాటకు పోవద్దు. ఈ కాలం ఫోన్లు గుర్తింపు అంకె మార్చుకుంటాయి, అది మీ సొంత ఫోనే కావచ్చు. పాస్‌వర్డ్ మార్చి, పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోన్ తగిలించే డబ్ల్యూపీఎస్ ఆపి, వారం వాడకం పోల్చండి. ఇంటి పేరూ ఫోన్ నంబరూ పాస్‌వర్డ్‌గా పెట్టొద్దని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

ఏడాదికి కట్టాం కాబట్టి డేటా అంతా ఒక మూట: సాధారణంగా కాదు. నెలనెలా విడిగా వస్తుంది, మిగిలింది పోతుంది.

పరిమితి దాటితే వేలల్లో బిల్లు వస్తుంది: దీనికి భయపడేవాళ్లు ఎక్కువగా పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లు. అక్కడి ఇంటర్నెట్ కంపెనీ కామ్‌కాస్ట్ చాలా రాష్ట్రాల్లో నెలకు 1.2 టీబీ దాటాక ప్రతి 50 జీబీకి 10 డాలర్లు, గరిష్ఠంగా 100 డాలర్లు వేసేది. 2025లో తెచ్చిన కొత్త ప్లాన్లలో ఆ పరిమితి తీసేసింది. ఆ మాట ఫోన్‌లో విని ఇక్కడ మనవడి చేతిలోంచి ట్యాబ్ లాక్కోవద్దమ్మా. మన ఎఫ్‌యూపీ ప్లాన్లలో దాటితే తగ్గేది స్పీడు, పెరిగేది బిల్లు కాదు. 499 అన్నచోట 588.82 రావడం జీఎస్టీ, డేటా ఫైన్ కాదు.

'అన్‌లిమిటెడ్' అనే మాట మీద మాత్రం మీ కోపం న్యాయమే. పెద్ద అక్షరాల్లో అన్‌లిమిటెడ్, చుక్క గుర్తు కింద చీమ తలకాయంత అక్షరాల్లో 3300. అందుకే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 అక్టోబరులో కంపెనీలకు ఆదేశం ఇచ్చింది. ఎంత డేటా వరకు ఏ స్పీడు, దాటాక ఏ స్పీడు అన్నది స్పష్టంగా చెప్పాలి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో పరిమితి దాటినా 512 కేబీపీఎస్ కంటే తగ్గించకూడదు. వాడకం 50, 90, 100 శాతం చేరినప్పుడు మీకు తెలపాలి. ఆ మెసేజ్ మాకెప్పుడూ రాలేదంటారు చాలామంది. కనెక్షన్ మీద ఏ నంబర్ రిజిస్టర్ అయిందో చూడండి. మీ ముందు అద్దెకున్నవాళ్లదో, కనెక్షన్ వేసిన కేబుల్ అబ్బాయిదో అయి ఉంటుంది. మెసేజ్‌లన్నీ అటు పోతున్నాయి. ముందు ఆ నంబర్ మార్పించుకోండి.

నంబర్ మీదే అయినా మెసేజ్ రాకపోతే, డేటా మిగిలి ఉండగానే స్పీడు కోశారనిపిస్తే, మూడు వేళల స్పీడ్ టెస్ట్ అంకెలూ యాప్‌లో వాడకం స్క్రీన్‌షాటూ దగ్గర పెట్టుకుని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. డాకెట్ నంబర్, అంటే మీ ఫిర్యాదు నంబర్, ఇవ్వనిదే ఫోన్ పెట్టొద్దు. పరిష్కారం కాకపోతే అదే నంబర్‌తో కంపెనీ అప్పీలు అధికారికి రాయండి, వివరాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కు ఉత్తరం రాసి కూర్చోవద్దు, విడివిడి ఫిర్యాదులను అది విచారించదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసినా ముందు అడిగేది ఆ డాకెట్ నంబరే.