ఎండ లెక్కలు: అపోహలు, వాస్తవాలు

రోహిణి కార్తె దగ్గర పడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా ఊళ్లో 50 దాటింది, మీవాళ్లు 45 అని చెబుతారేమిటి?" అని అడుగుతారు. వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రతలు నమోదు చేయడం నా ఉద్యోగం. ఎండకు అల్లాడుతున్న మనిషి కోపం నాకు అర్థమవుతుంది, అందుకే ఓపికగా చెబుతాను.

అపోహ: ఎండలో పెట్టిన థర్మామీటర్ చూపేదే అసలు ఉష్ణోగ్రత.

వాస్తవం: మేము కొలిచేది గాలి వేడిని. ఎండలో పెడితే థర్మామీటర్ తానే కాగిపోయి, తన వేడినే చూపుతుంది. అందుకే తెల్లరంగు వేసి, నాలుగు వైపులా గాలి ఆడేలా చేసిన చెక్కపెట్టెలో, ఇంచుమించు ఛాతీ ఎత్తున దాన్ని ఉంచుతాము. స్టీవెన్సన్ స్క్రీన్ అంటే ఇదే. తలుపు తీసినప్పుడు ఎండ లోపలికి పడకుండా మన దేశంలో ఆ తలుపును ఉత్తరం వైపు పెడతారు. ఇక కారులో కనబడే అంకెలో కింద కాలుతున్న తారురోడ్డు సెగ కూడా కలుస్తుంది. ఫోనులో కనబడేది చాలాసార్లు కంప్యూటర్ వేసిన అంచనా, మీ వీధిలో ఎవరూ కొలిచింది కాదు.

అపోహ: మనిషి పొరబడతాడు గానీ యంత్రం పొరబడదు.

వాస్తవం: 2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేశ్‌పూర్‌లో స్వయంచాలిత కేంద్రం 52.9 డిగ్రీలు చూపింది. దేశమంతా ఆ అంకే మార్మోగింది. అదే రోజు ఢిల్లీ ప్రధాన వాతావరణ కేంద్రం సఫ్దర్‌జంగ్‌లో నమోదైంది 46.8. ఒకే నగరంలో ఆరు డిగ్రీల తేడా కనబడితే మాలాంటివారు ముందు పరికరాన్నే అనుమానిస్తారు. వాతావరణ శాఖ ప్రామాణిక పరికరంతో పోల్చి చూస్తే ముంగేశ్‌పూర్ సెన్సర్ మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేలింది. దేశపు రికార్డు ఇప్పటికీ రాజస్థాన్‌లోని ఫలోదీదే: 2016 మే 19న 51.0. అంకె తగ్గించినంత మాత్రాన ఆ రోజు ఢిల్లీ చల్లగా ఉందని కాదు. 46.8 కూడా ప్రాణాలు తీసే వేడే.

అపోహ: ఒకసారి పుస్తకాలకెక్కిన రికార్డు ఇక మారదు.

వాస్తవం: లిబియాలోని అల్ అజీజియాలో 1922 సెప్టెంబరు 13న నమోదైన 58 డిగ్రీలు తొంభై ఏళ్లు ప్రపంచ రికార్డుగా చెలామణీ అయింది. ప్రపంచ వాతావరణ సంస్థ 2012లో దాన్ని రద్దు చేసింది. నాటి చేతిరాత పట్టీని పరిశీలిస్తే, అంతకు రెండు రోజుల ముందే రాసే చెయ్యి మారిందని, అంకెలు ఒక గడిలో పడాల్సినవి మరో గడిలో పడ్డాయని కనబడింది. అక్కడ వాడిన పాతరకం థర్మామీటర్‌లో చిన్న సూచిక ముల్లు ఉంటుంది. దాని ఒక కొనను చూడాల్సింది రెండో కొనను చూస్తే సుమారు ఏడు డిగ్రీల తేడా వస్తుంది. కొత్తగా చేరిన పరిశీలకుడు సరిగ్గా అక్కడే పొరబడి ఉండవచ్చని నిపుణుల అంచనా. చుట్టుపక్కల కేంద్రాల లెక్కలతోనూ ఆ 58 పొసగలేదు. కొత్తవారికి పని నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది ఈ కథే.

అపోహ: 50 దాటితే పని ఆపాలి కాబట్టి గల్ఫ్ దేశాలు అసలు ఉష్ణోగ్రతను దాచిపెడతాయి.

వాస్తవం: కువైట్‌లో పనిచేసే మనవాళ్ల నోట ఇది తరచు వింటాను. కానీ 2016 జులై 21న మిత్రిబాలో 54 డిగ్రీలు నమోదైతే కువైట్ దాచలేదు. పరికరాన్ని పరీక్షించాక ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని 53.9గా ఖరారు చేసింది. ఒక్క పదో వంతు డిగ్రీ కోసం అంత తనిఖీ జరిగింది. కువైట్‌లో మధ్యాహ్నపు పని నిషేధం థర్మామీటర్‌ను బట్టి ఉండదు, గడియారాన్ని బట్టి ఉంటుంది: జూన్ 1 నుంచి ఆగస్టు చివరి దాకా, ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదు. ఆ వేళల్లో 42 డిగ్రీలే ఉన్నా, మిమ్మల్ని ఎండలో నిలబెడితే ఫిర్యాదు చేయవచ్చు.