ఊరకుక్కల సంరక్షణ: అపోహలు - వాస్తవాలు

చిత్తూరు జిల్లా పల్లెల్లో పశువైద్యం చేస్తున్న నాకు, ఊరకుక్కలు పడే బాధలకు జనంలో దయ లేకపోవడం కన్నా తరతరాలుగా నమ్ముతూ వస్తున్న కొన్ని మాటలే ఎక్కువ కారణమని అనిపిస్తుంది. రోజూ మిగిలిన రాగిసంగటి పెట్టి కుక్కను సాకే ఇంటివారే, దానికి జబ్బు చేసినప్పుడు ఆ మాటలు నమ్మి చేయరానిది చేస్తున్నారు.

అపోహ: గజ్జి పట్టిన కుక్కకు వాడేసిన ఇంజనాయిలు పూస్తే నయమవుతుంది.

వాస్తవం: కంటికి కనిపించని పురుగులు చర్మంలో చేరడం వల్ల గజ్జి వస్తుంది. ఇంజనాయిలు అప్పటికే పచ్చిగా ఉన్న చర్మాన్ని మరింత మండిస్తుంది. కుక్క ఒళ్లు నాకినప్పుడు కడుపులోకి చేరి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పాడి ఎక్కువగా ఉన్న మన జిల్లాలో మరో ప్రమాదం కూడా ఉంది. ఆవుల కోసం కొన్న, ఒంటి పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ సూదిమందు మిగిలితే, దాన్ని అంచనాగా కుక్కకు వేస్తున్నారు. మోతాదు మించితే కుక్కకు వణుకు పుడుతుంది, చూపు పోతుంది, స్పృహ తప్పి చనిపోవచ్చు కూడా. బరువును బట్టి లెక్కగట్టిన మందును పశువైద్యుని సలహాతో కొన్ని వారాల పాటు వాడి, అది పడుకునే గోనెపట్టాను మార్చి, ఇంట్లోని తక్కిన కుక్కలకు కూడా వైద్యం చేయిస్తే గజ్జి తగ్గిపోతుంది, బొచ్చు మళ్లీ వస్తుంది.

అపోహ: నీళ్లు తాగే కుక్కకు రేబిస్ ఉండదు.

వాస్తవం: నీటిని చూసి బెదరడం రేబిస్ సోకిన మనుషుల్లో కనిపించే లక్షణం. కుక్క నీటి దగ్గరికి వెళుతుంది, తాగాలని చూస్తుంది, కానీ గొంతు కండరాలు చచ్చుబడటంతో మింగలేకపోతుంది. అన్ని పిచ్చికుక్కలూ పరుగెత్తి కరవవు. కొన్ని దవడ జారిపోయి, చొంగ కారుస్తూ, మూలన నిశ్శబ్దంగా కూర్చుంటాయి. అలాంటి కుక్కకు గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టడం అత్యంత ప్రమాదకరం. మరోవైపు గజ్జితో బొచ్చు రాలిన కుక్కను పిచ్చిదని కొట్టి చంపడమూ జరుగుతోంది, అది నన్ను ఎక్కువగా బాధించే విషయం. కుక్క కరిస్తే గాయానికి సున్నం, కారం పెట్టకుండా, సబ్బుతో ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. ఊళ్లోని కుక్కల్లో కనీసం 70 శాతానికి ఏటా టీకా వేయిస్తే వాటి మధ్య రేబిస్ వ్యాప్తి ఆగుతుంది. కుక్కపిల్లలకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించాలి. ఏటా జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో దీన్ని ఉచితంగా వేస్తారు.

అపోహ: ఆడకుక్క ఒక ఈత ఈనాకే కు.ని. ఆపరేషన్ చేయించాలి, చేయిస్తే కాపలా మానేస్తుంది.

వాస్తవం: ఒక ఈత ఈనడం వల్ల ఆరోగ్యానికి ఏ మేలూ లేదు. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేయిస్తే పొదుగు గడ్డల ముప్పు చాలావరకు తగ్గుతుంది. తన ఇంటిని కాచుకోవడం కుక్క స్వభావం కనుక అది ఆపరేషన్‌తో పోదు. చిత్తకార్తె, అంటే అక్టోబరు నడుమ, ఎక్కువ కుక్కలు జతకడతాయి. సుమారు 63 రోజులకు, చలి ముదిరే డిసెంబరులో ఈనుతాయి. సంగటి మీదే బతికే తల్లికి పాలు చాలవు, పిల్లలు చలికి, పార్వో అనే వైరస్ జబ్బుకు రాలిపోతాయి, మిగిలిన ఆడ కుక్కపిల్లలను సంచిలో వేసి తిరుపతి రోడ్డు పక్కన వదిలేస్తారు. ఆషాఢ, శ్రావణాల్లోనే ఆపరేషన్ చేయిస్తే ఇదంతా ఉండదు. ఆపరేషన్, టీకా అయిన వీధికుక్కలను పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి.

అపోహ: మర్మాంగం నుంచి రక్తం కారే కుక్కకు మందు లేదు.

వాస్తవం: ఎదలో లేని కుక్కకు అలా రక్తం కారుతుంటే, జతకట్టినప్పుడు అంటుకునే గడ్డ కారణం కావచ్చు. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే చాలా కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి.

అపోహ: మామిడి తోటలో కాపలా కుక్కను బిగించి కట్టకపోతే పారిపోతుంది.

వాస్తవం: పిల్లగా ఉన్నప్పుడు కట్టిన నైలాన్ తాడు, మెడ పెరిగే కొద్దీ చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగుతుంది, పుండులో పురుగులు పడతాయి. ఆ పురుగులను చంపడానికి పెట్రోలు పోయకూడదు. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించుకోవచ్చు. మెడపట్టీకి, మెడకు మధ్య రెండు వేళ్లు దూరాలి, పిల్ల ఎదిగే నెలల్లో దాన్ని వారానికొకసారి చూసి వదులు చేయాలి, నీడా నీళ్లూ అందేంత పొడవుగా తాడు ఉండాలి.