గోడ మీద నడిచిన పిచ్చుకలు

చిరంజీవులు చిట్టికి, నానికి తాతయ్య ఆశీస్సులు.

"తాతయ్యా, నీ పిచ్చుకలు గోడ మీద నడుస్తున్నాయి" అని నాని ఫోన్లో నవ్వినప్పుడు సిగ్గేసిందిరా. వరండా చూరు కింద పెట్టిన గూడు పెట్టె పొడుగ్గా ఉంటుంది. దాన్ని మీ ఫోన్లకు ప్రత్యక్షంగా చూపించే వెబ్‌క్యామ్ బొమ్మేమో వెడల్పు. గూడంతా కనపడాలని కెమెరాను నేనే పక్కకు పడుకోబెట్టాను. బొమ్మను మళ్ళీ నిలబెట్టడానికి నాలుగు లైన్ల ప్రోగ్రాం చాలదా అనుకున్నాను.

ఆ నాలుగు లైన్లూ కెమెరా తగిలించిన చిన్న కంప్యూటర్, మన రాస్ప్‌బెర్రీ పై 3 ప్రాణం తీశాయి. పిచ్చుక ఒక ఫ్రేములో గూట్లో ఉంటుంది, తర్వాతి దాంట్లో మాయం. అసలే ఏప్రిల్ ఎండ, దానికి ఈ పని తోడు. చిప్ వేడి 80 డిగ్రీలు దాటింది. అంత వేడెక్కితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నేనేమో ఇంటర్నెట్ వాడిని తిట్టుకుంటూ కూర్చున్నాను.

బొమ్మ 1280 చుక్కల (పిక్సెళ్ళ) వెడల్పు, 720 వరసల ఎత్తు. అంటే ఫ్రేముకు 9,21,600 చుక్కలు. సెకనుకు 30 ఫ్రేములు. అన్నిటికీ చోటు మార్చాలి. నిజానికి ఆ ప్రాసెసర్‌కి ఈ లెక్క మరీ పెద్దదేం కాదు, చిక్కంతా వడ్డనలో ఉంది. పెళ్ళిలో సాంబారు బకెట్ పట్టుకున్న మీ బాబాయ్ ఒక బంతి ఈ చివర నుంచి ఆ చివరికి గబగబా వడ్డించుకుంటూ పోలేదూ? "అలా కాదు, ప్రతి బంతిలో మొదటి విస్తరికే వేసి రా, తర్వాత మళ్ళీ మొదలుపెట్టి ప్రతి బంతిలో రెండో విస్తరికి" అంటే బకెట్ అక్కడే దించేసి పోతాడు.

ప్రాసెసర్ పక్కన క్యాష్ అనే చిన్న మెమరీ ఉంటుంది. ఒక్క బైటు అడిగినా చుట్టుపక్కల వాటితో కలిపి 64 బైట్లు తెచ్చి అందులో పెట్టుకుంటుంది. అడ్డంగా వరస వెంట నడిస్తే తెచ్చిన 64 బైట్లూ వాడుకుంటాం. బొమ్మను పక్కకు తిప్పాలంటే మాత్రం నిలువుగా దిగాలి, ప్రతి వరసలోనూ ఒక్క చుక్క తీసుకుని కిందికి పోవాలి. అలా ఒక నిలువు గీత అయ్యేసరికి 720 సార్లు తెచ్చి ఉంటాం. రాస్ప్‌బెర్రీ పై 3 ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగానికి (కోర్‌కి) అన్నిటికన్నా దగ్గరగా ఉన్న క్యాష్ 32 కిలోబైట్లు, అందులో పట్టేవి 64 బైట్ల ముక్కలు 512 మాత్రమే. రెండో గీతకు వచ్చేసరికి మొదట తెచ్చినవి బయటికి పోయి ఉంటాయి. తెచ్చిందే మళ్ళీ తేవాలి. అందుకే తెలిసినవాళ్ళు బొమ్మను 16 చుక్కల గళ్ళుగా విడగొట్టి, ఒక గడి పూర్తిగా తిప్పాకే ఇంకో గడి ముట్టుకుంటారు.

తలకిందులైన బొమ్మకైతే ఈ బాధే లేదు. కింది వరస నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరసనూ కుడి నుంచి ఎడమకు చదివితే సరిపోతుంది. రిబ్బన్ కేబుల్‌తో తగిలించే రాస్ప్‌బెర్రీ పై కెమెరాల్లో వెలుతురును బొమ్మగా పట్టే సెన్సరే అలా చదివి ఇస్తుంది, ప్రాసెసర్‌కి పైసా ఖర్చు లేదు. 90 డిగ్రీలు మాత్రం సెన్సర్ వల్ల కాదు. కొత్త బొమ్మలో మొదటి వరస కావాలంటే పాత బొమ్మలో అన్ని వరసలూ వచ్చేదాకా ఆగాలి మరి.

నేను చేసిన దుబారా ఇంకోటుంది. కుదించని పచ్చి బొమ్మలు పంపితే, చుక్కకు 16 బిట్ల లెక్కన, సెకనుకు 442 మెగాబిట్లవుతాయి. కెమెరాను తగిలించిన యూఎస్‌బీ 2 కాగితం మీద 480 అంటుంది కానీ, దారి ఖర్చులు పోగా అంత మిగలదు. అందుకని కెమెరా ప్రతి ఫ్రేమునూ జేపెగ్ అనే ఫొటో పద్ధతిలో కుదించి పంపుతుంది. నా ప్రోగ్రాం దాన్ని పూర్తిగా విప్పి, తిప్పి, మళ్ళీ కుదించేది. ఇల్లు మారేటప్పుడు ప్రతి అట్టపెట్టెలోని గిన్నెలన్నీ బయటపెట్టి మళ్ళీ సర్దినట్టు! జేపెగ్ లోపల ఉండేవి 8 చుక్కల గళ్ళే. ఒక్కో గడికి 64 అంకెలు. గడి చోటు మార్చి, దానిలోని అడ్డు వరసల్ని నిలువు వరసలు చేసి, కొన్ని అంకెల ముందు ప్లస్, మైనస్ గుర్తు మారిస్తే బొమ్మ తిరుగుతుంది. చుక్కల దాకా విప్పక్కర్లేదు, నాణ్యత ఇసుమంతైనా తగ్గదు. జేపెగ్‌ట్రాన్ అనే పనిముట్టు చేసేది ఇదే. వెడల్పూ ఎత్తూ 16తో నిశ్శేషంగా భాగింపబడితే అంచుల్లో పేచీ ఉండదు. మన 1280, 720 రెండూ భాగింపబడతాయి.

ఇన్ని నేర్చుకుని చివరికి నేనేం చేశానో తెలుసా? రాస్ప్‌బెర్రీ పై మీద తిప్పడమే మానేశాను. అది కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టే పంపుతుంది. మీరు చూసే పేజీలో "90 డిగ్రీలు తిప్పు" అని, పేజీ ఎలా కనపడాలో చెప్పే సీఎస్ఎస్‌లో ఒక్క లైను రాశాను. తిప్పే పని మీ ఫోన్లోని గ్రాఫిక్స్ చిప్‌ది, దానికది చిటికెలో పని. ఒక్కటే తిరకాసు: బొమ్మ తిరిగినా పేజీలో దానికి కేటాయించిన చోటు పాత వెడల్పుతోనే ఉంటుంది. మొదటి రోజు పిచ్చుక తోక మీద "గూడు నంబర్ 1" అన్న అక్షరాలు పడ్డది అందుకే. చోటును కూడా నిలువుగా కొలిచి సరిచేశాను.

రికార్డు చేసిన క్లిప్పులకు పేజీ ఉండదు కదా అని చిట్టి అడుగుతుంది, నాకు తెలుసు. ఎంపీ4 ఫైలులో "చూపించేటప్పుడు ఇటు తిప్పు" అని చిన్న గుర్తు రాసే వీలుంది, ఫ్రేముల్ని ముట్టుకోనక్కర్లేదు. ఆ గుర్తు పెట్టిన క్లిప్పు ఒకటి రాత్రి మీ అమ్మకు పంపాను. మూడు పిల్లలు, నోళ్ళు తెరుచుకుని, ఈసారి నిటారుగానే ఉన్నాయి.

ఇట్లు,
మీ తాతయ్య